తొట్టి అద్దం మీద ఆవిరి

ఇనుముకు బదులు వాడేంత గట్టి నైలాన్ కూడా, కరిగించి పోతపోసేముందు దాని గింజలకు తేమ తగిలిందంటే ఎందుకూ పనికిరాదు. ఆ రాత్రి షెడ్డులో ఒంటరిగా ఉన్న ఆపరేటర్ చేతిలో కొత్త పళ్లచక్రం పుటుక్కున విరిగింది. దాని నిండా తేమకు గుర్తుగా వెండి చారలు. మెషీన్ ఆపేసి, ఈ పని నేర్పిన మామయ్యకు ఫోన్ చేశాడు.

"గింజలు సాయంత్రం నుంచీ వేడిగాలి తొట్టిలో ఆరుతూనే ఉన్నాయి మామయ్యా. తొట్టి లోపల చెయ్యి పెడితే కాలిపోతుంది. తేమ ఎక్కణ్ణుంచి వస్తుంది?"



"అద్దంలోంచి చూడు అల్లుడూ. మూత మాత్రం తియ్యకు."

"ఏం?"

"నా రోజుల్లో నేనూ తియ్యలేదు."

ఆపరేటర్ నిచ్చెనెక్కాడు. షెడ్డంతా నిశ్శబ్దంగా ఉంది. తొట్టికున్న చిన్న గాజు కిటికీకి లోపలివైపు అరచేతంత మేర ఆవిరి పట్టి, మెల్లగా చెదిరి, మళ్లీ పట్టింది. ఎవరో అద్దానికి ముఖం ఆనించి ఊపిరి వదులుతున్నట్టుగా.

తన ఊపిరి బిగబట్టాడు.

ఆవిరి కూడా ఆగిపోయింది. గాజు శుభ్రంగా, నల్లగా, అతని వైపే చెవి ఒగ్గినట్టుగా ఉండిపోయింది.

చివరికి ఇక ఆపుకోలేక ఊపిరి వదిలాడు.

లోపల కూడా ఎవరో అమ్మయ్య అనుకున్నట్టు, అద్దం అంచు నుంచి అంచుదాకా తెల్లబడింది.