ఎడమకు తిరిగిన రాజు

ఆ రోజు ఇంట్లో నాన్న, నాయనమ్మ, మేనత్త ఉన్నారు. నత్త కూడా ఉంది. కానీ ఆ పిల్ల ఉన్నా లేనట్టే కాబట్టి ఎవరూ లెక్కలో వేసుకోరు. ఎవరు పలకరించినా ముడుచుకుపోతుందని మేనత్త పెట్టిన పేరది.

అలాంటి నత్త, పట్నంలోని నాణేల నిపుణుడికి తనే ఫోన్ చేసింది.

“మా దగ్గర పాత బ్రిటిష్ నాణెం ఉందండీ. రాజు ఎడమవైపు చూస్తున్నాడు. ఆ ఏడాది నాణేల మీద కుడివైపు చూడాలని పుస్తకంలో ఉంది. టంకశాలలో జరిగిన పొరపాటేనంటారా?”

ఒక్క గుక్కలో అప్పజెప్పింది. ఆయన స్వయంగా వచ్చి చూస్తానన్నాడు.

అక్షరాలన్నీ అరిగిపోయిన నాణెం. వెనకవైపున్న సంవత్సరం మేనత్త చదివి చెప్పింది. రాజుగారి ముఖం మాత్రం నత్తకు కంఠతా వచ్చు. రోజూ జడ వేసుకుంటూ చూసేది అదే. డైరీలో బొమ్మ కూడా గీసింది. కింద ‘నాణేల నిపుణురాలు’ అని రాసుకుని, సిగ్గేసి కొట్టేసి, మళ్ళీ రాసుకుంది.

“ఎడమంటే మన ఎడమా, రాజుగారి ఎడమా?” అంది మేనత్త.

“నువ్వూరుకో అక్కా, అది పుస్తకం చదివింది” అన్నాడు నాన్న. “ఆయన అవునంటే పట్నంలో నాణేల ప్రదర్శనకి నిన్నే తీసుకెళ్తానమ్మా. కాదంటే ఆ ఊసే ఎత్తకూడదు.”

నత్త ఆ పూటంతా వీధి గుమ్మంలోనే కూర్చుంది.

నాణేల ఆయన చెమటలు కక్కుతూ వచ్చాడు. నాయనమ్మ కత్తెరతో దారం తెంచి నాణెం ఆయన చేతిలో పెట్టింది. ఆయన తూచాడు. అంచు గోటితో తడిమాడు. భూతద్దం పెట్టి చూశాడు.

“నాణెం అసలైనదే. పొరపాటే లేదు. రాజు కుడివైపే చూస్తున్నాడు కదమ్మా!”

నత్త తొంగి చూసింది. నిజమే!

“పొద్దున కూడా ఎడమకే చూశాడండీ!”

“పెద్దమనిషి వస్తున్నాడని తెలిసి మర్యాదగా ఇటు తిరిగాడేమోలే” అంది మేనత్త.

నవ్వు ఆపుకోబోయి నాన్నకు పొలమారింది. నత్త నాణెం లాక్కుని లోపలి గదిలోకి పరుగెత్తింది.

వెనకే వెళ్ళిన నాయనమ్మ, పసితనం నుంచీ నత్త మెడకు అంటుకునే ఉన్న ఆ బిళ్ళను మళ్ళీ మెడకే ఆనించుకుని, అద్దంలో చక్కగా ఎడమకు తిరిగిన రాజును నోరు తెరిచి చూస్తున్న మనవరాలిని చూసి, చప్పుడు కాకుండా తలుపు మూసేసింది.