మూడు డిగ్రీల తుఫాను

"సాయంత్రం విమానానికే వెళ్లిపోతాం" అన్నారు సీతారామారావు గారు, మెడకి మఫ్లరు బిగిస్తూ.

సింగపూరు బుకిట్ బటోక్‌లో ఎనిమిదో అంతస్తు ఫ్లాటు. బయట ముప్పై రెండు డిగ్రీల ఎండ మండిపోతోంది. ఆయన మాత్రం విమానంలో చలేస్తుందని తెచ్చుకున్న స్వెట్టరు తొడిగి, కాళ్లకి మేజోళ్లేసి, నెత్తిన మంకీ క్యాపు పెట్టి సోఫాలో కూర్చున్నారు. చెమట ధారలు కడుతోంది. తుడుచుకుంటున్నారు గానీ ఒక్కటీ తియ్యటం లేదు.

అల్లుడు మహీధర్ ఎదురుగా తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు. లోపల గదిలో భువన ఏడుస్తోంది. ఆమెకి తొమ్మిదో నెల. పురుడు పొయ్యడానికే తల్లిదండ్రులు బందరు నుంచి వచ్చి పది రోజులైంది. ఇప్పుడు వాళ్లు వెళ్లిపోతే ఈ ఊళ్లో ఆమెకి తోడు ఎవరూ లేరు.

ఇంత గొడవకీ కారణం ఒక కాగితం. పొద్దున పై అంతస్తు ఫసియుద్దీన్ తెచ్చిచ్చాడు. సింగపూరు తెలుగువాళ్ల కోసం కొత్తగా పెట్టిన వెబ్‌సైటులోంచి ప్రింటు తీశాడట.

"ఉత్తరం నుంచి చలి తుఫాను. మంగళవారం రాత్రికి మూడు డిగ్రీలు. ఎవరూ ఇల్లు కదలరాదు."

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయన్న వై టూ కే గండం గడిచి నెల దాటిందంతే. చైనావాళ్ల కొత్త సంవత్సరానికి మూడు రోజులు సెలవులు. మనవాళ్లకి కంప్యూటరు ముందు కూర్చోడం తప్ప ఇంకో పని లేదు. చదవడం, భయపడడం, నలుగురికి ఫోన్ చెయ్యడం. ఇంజనీర్లందరూ! తలొక్కరికి రెండేసి డిగ్రీలు. కిటికీ తెరిచి బయట చెయ్యి పెట్టి చూసినవాడు ఒక్కడు లేడు.

"మామయ్యగారూ, భూమధ్యరేఖ పక్కనున్న ఊరిది. ఇక్కడ మూడు డిగ్రీలేంటండీ?"

"దివిసీమ ఉప్పెనకి ముందురోజు మేమూ ఇలాగే నవ్వుకున్నాం అల్లుడుగారూ."

"టీవీలో చెప్పలేదు కదండీ."

"జనం కంగారు పడతారని చెప్పరు. ముప్పై ఏళ్లు తాలూకాఫీసులో చేశాను, నాకు తెలీదా! కాగితం మీదకి ఎక్కిందంటే అందులో ఎంతోకొంత ఉంటుంది."

"పోనీ, రేపు ఆ వార్త అక్కణ్ణుంచి తీసేశారనుకోండి?"

"అమ్మో! తీసేశారంటే మరీ పెద్దదన్నమాట!"

శ్యామలాదేవి గారు వంటింట్లోంచి గొంతు కలిపారు. "మీ మామయ్యగారికి ఆయాసం బాబూ. ఆ చలికి ఒక్క రాత్రి ఉండలేరు. పిల్లని వదిలి వెళ్లాలని నాకేం సరదానా?"

అంతలో తలుపు కొట్టి ఫసియుద్దీన్ మళ్లీ వచ్చాడు. తోలు జాకెట్టులో ఉడికిపోతున్నాడు.

"మహీధర్ భాయ్, దుకాన్లల్ల దుప్పట్లు దొర్కుతలేవ్. మీ తాన ఎగస్ట్రా ఉందా? మా బేగం మున్నీ పొద్దుగాల్నుంచి ఫరాజ్‌గాణ్ని రజాయిల చుట్టి పెట్టింది. వాడు 'హాట్ లా డాడీ' అని ఈ ఊరి ఇంగ్లీషుల ఒక్కటే ఏడ్పు."

"విప్పెయ్ భాయ్ వాణ్ని! చలీ లేదు, తుఫానూ లేదు."

"నీకెట్ల తెలుసు? నువ్వేమన్న సైంటిస్టువా?"

"తెలుసు."

"అదే, ఎట్ల?"

వర్క్ పాసు అనే ఉద్యోగ వీసా మీద పరాయి దేశంలో బతికేవాడికి సగం మాటలు గొంతులోనే అరిగిపోతాయి.

"నేను వెళ్లి టికెట్లు మార్పించుకొస్తా" అని చెప్పులేసుకున్నాడు.

భువన పొట్ట పట్టుకుని గది గుమ్మంలోకి వచ్చింది. "మా అమ్మని మీరే పంపించేస్తారా? ఇంక నాతో మాట్లాడకండి."

అతను తల ఎత్తకుండా లిఫ్టు ఎక్కాడు.

తిరిగొచ్చేసరికి రెండు గంటలైంది. చేతిలో టికెట్లు లేవు. సూట్‌కేసులు మాత్రం హాల్లో కట్టి సిద్ధంగా ఉన్నాయి. "ఏవీ?" అని మామగారు అడగబోతుండగానే ఫసియుద్దీన్ మెట్ల మీద నుంచి దిగి పరిగెత్తుకొచ్చాడు. జాకెట్టు లేదు. బనీను మీదున్నాడు. చేతిలో ఇంకో కాగితం.

"బచ్‌గయే భాయ్! చూడుండ్రి అంకుల్, ఇప్పుడే వచ్చింది సైట్ల!"

సీతారామారావు గారు కళ్లజోడు పెట్టుకుని పైకే చదివారు.

"చలి తుఫాను దిశ మార్చుకుంది. సింగపూరుకి ప్రమాదం లేదు. బుధవారానికి బందరు దగ్గర తీరం దాటవచ్చు."

రెండుసార్లు చదివారు. మంకీ క్యాపు తీశారు. మఫ్లరు తీశారు. స్వెట్టరు విప్పేసరికి ఒంటి మీద బనీను పిండితే చెంబెడు నీళ్లొచ్చేలా ఉంది.

"చెప్పానా అల్లుడుగారూ! తుఫానులింతే. నెల్లూరని చెప్పి బందరు మీద పడ్డవి ఎన్ని చూశాను! అసలు లేనే లేదన్నారు మీరు. మీ మాట విని ఊరుకుంటే ఎంత ముప్పు! మీది కుర్రతనం, అంతే."

"అవునండీ" అన్నాడు మహీధర్.

"ఇప్పుడు బందరెళ్లి చలికి చస్తామా?" అంటూ శ్యామలాదేవి గారు సూట్‌కేసు తాళం తీసేశారు. "పురుడు మాట అటుంచు, అన్నప్రాసనయ్యేదాకా ఇక్కణ్ణుంచి కదిలేది లేదు."

భువన ఏడుస్తూనే నవ్వింది. మొగుడి వంక చూసి, "మీకంటే ఆ తుఫానే నయం" అంది.

సీతారామారావు గారు అప్పటికే బందరుకి ఫోన్ కలిపి, పక్కింటి కేశవరావు చెవిలో అరుస్తున్నారు. "ఒరేయ్, మంచుతో వస్తోందిరా! గేదెల్ని లోపల కట్టించు! నీకెవడూ చెప్పలేదా? చెప్పరు మరి! ఇక్కడ కంప్యూటర్లో వచ్చింది!"

కొత్త వెబ్‌సైటు సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడాలంటే సింగపూరులో ఎవడూ చచ్చినా నమ్మని కబురొకటి పెట్టాలని శుక్రవారం సాయంత్రం తెగ ఆలోచించి ఆ తుఫానును పుట్టించి, చెరపడం మరిచి సెలవులకి ఇంటికొచ్చేసినవాడూ, ఇందాక తాళం వేసిన ఆఫీసు తీయించుకుని దాన్ని బందరు వైపు తోలినవాడూ మహీధరే.