మూత తీసిందెవరు?

"సర్వర్ గది తాళం ఉండేది నీ దగ్గరే. నువ్వు ముట్టుకోకుండా దానంతటది ఆగిపోయిందా?" అని నాగేంద్రబాబు గారు దేవకుమారిని నిలదీశారు.

చిలకలూరిపేట హైవే పక్కన ఆయనది జిన్నింగు మిల్లు. ఆఫీసు పనంతా ఆమెదే. పొద్దున కరెంటు పోయొచ్చాక సర్వర్ మళ్లీ లేవలేదు. బిల్లులు రాక పత్తి బేళ్ల లారీలు గేటు దగ్గరే నిలబడి హారన్లు కొడుతున్నాయి. తప్పెవరిదో తేలితే వాళ్లు రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదనీ, తనకైతే ఇప్పటికే తేలిందనీ ఆయన అనేశారు.

గుంటూరు నుంచి ఇంజనీరు ప్రసన్నకుమార్ వచ్చి స్విచ్ వేశాడు. పెట్టె గుర్రుమని, రెండు కూతలు కూసి ఊరుకుంది. అతను దాని జోలికి పోకుండా తన లాప్‌టాప్ తగిలించి, సర్వర్ రాసుకున్న లాగ్ తెరిచాడు.

విండోసే లేవలేదు కదా, మరి రాసిందెవరని దేవకుమారి అడిగింది.

"విండోస్ కన్నా ముందు లోపల ఫర్మ్‌వేరని ఓ చిన్న ప్రోగ్రాము లేస్తుందండీ. మెమరీ ఉందా, ఫ్యాన్లు తిరుగుతున్నాయా, మూత వేసుందా అని ఒళ్లంతా తడిమి చూసుకుంటుంది. చూసింది చూసినట్టు రాసిపెడుతుంది. ఆ తర్వాత కూడా ఓ కన్నేసే ఉంచుతుంది. కరెంటు పోయినా ఆ రాత చెరగదు."

చివరి వరసలో ఉంది సంగతి: ఫ్యాను తిరగడం లేదు, అందుకే ఆగిపోయాను అని. దాని పైన ఇంకో వింత. మూత తీశారు, మూత వేశారు. రోజూ అదే, సరిగ్గా అన్నం వేళ.

దేవకుమారి ప్రాణం లేచొచ్చింది. ఆ వేళకి తాళం అయ్యగారి గదిలో మేకుకి తగిలించి, షెడ్డులో ఆడవాళ్లతో కూర్చుని తింటానని చెప్పింది. అప్పుడు ఆఫీసులో ఉండేది ఆయనా, ఇంటి నుంచి క్యారేజీ తెచ్చే ఆయన భార్య వెంకటరావమ్మ గారూ మాత్రమే. ఆయనకి షుగరని ఆవిడ ఇంట్లోకి తీపే రానివ్వరు. ఆవిడ దగ్గరుండి వడ్డించి, ఆయన కునుకు తీశాక గానీ వెళ్లరు.

ఇవాళ్టి క్యారేజీతో ఆవిడ అప్పుడే గుమ్మంలోకొచ్చారు.

ప్రసన్నకుమార్ మూత లాగాడు. ఫ్యాను రెక్కలకి ప్లాస్టిక్ కవరు చుట్టుకుని ఉంది. పక్కనే సగం ఖాళీ అయిన జీడిపప్పు పాకం పొట్లం, చీమలు.

అందరూ నాగేంద్రబాబు గారి వైపే చూశారు. ఆయన ముఖం కందిపోయింది. పిల్లల మీద ఒట్టేశారు. ఎవరూ నమ్మలేదు.

"పోనీలెండి, ఈసారికి వదిలేస్తున్నా," అన్నారు వెంకటరావమ్మ గారు చల్లగా. ఆ పొట్లాన్ని తన సంచిలో వేసుకున్నారు. భార్య ఇంత తేలిగ్గా వదిలేయడం ఎరగని ఆయన, తానే తిన్నానేమోనని అనుమానపడుతూ లారీల వైపు నడిచారు.

కవరు తీసేశాక సర్వర్ బుద్ధిగా లేచింది. ప్రసన్నకుమార్ మూత బిగిస్తుంటే వెంకటరావమ్మ గారు అతని దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగారు.

"బాబూ, ఇట్టా అన్నీ రాసిపెట్టకుండా ఉండే పెట్టె ఇంకేదన్నా ఉందా ఈ ఆఫీసులో?"