దర్జీ అడిగిన అబ్బాయి

“ఆ అబ్బాయి రాలేదా ఇవాళ?”

మౌని ఆస్పత్రి మంచం పక్కకి స్టూలు లాక్కుని ఇంకా కూర్చోనైనా లేదు, దర్జీ అడిగిన మొదటి మాట ఇది. మూడు వారాలుగా ఇదే వరస. మౌనికి కడుపు మండిపోయింది. వినపడనట్టు స్టూలు ఇంకాస్త ముందుకు జరుపుకున్నాడు.

మౌని అన్నది పాస్టరు చదువు చెప్పే సెమినరీలో తోటివాళ్లు పెట్టిన పేరు. మనిషి నోట్లోంచి మాట ఊడిపడటం కష్టం. అతనితో ఒకే గదిలో ఉండేవాడి పేరు మైకు. ఆ పేరెందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. మైకు పాట ఎత్తుకుంటే వంటవాడు కూడా గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడతాడు.

ఆఖరి ఏడాది విద్యార్థులు వారానికో పూట జనంలోకి వెళ్లి పనిచేయాలి. కొందరు కోర్టు వరండాకి, కొందరు బస్సు డిపోకి, కొందరు జైలుకి. కంటి ఆస్పత్రి మాత్రం ఈ ఇద్దరికీ పడింది. మంగళవారం మౌని, శుక్రవారం మైకు.

పంపేముందు ప్రిన్సిపాల్ అయ్యగారు రెండే నియమాలు చెప్పారు. “మీ పేరూ, మీ చర్చి పేరూ చెప్పకండి. మీరు వెళ్లేది వాళ్ల బాధ వినడానికి, మీ బోర్డు తగిలించడానికి కాదు. రెండోది, మంచం దగ్గర విన్నది మంచం దగ్గరే వదిలెయ్యాలి. గదికొచ్చి మాట్లాడుకోకూడదు.”

చదువయ్యాక ఆ ఆస్పత్రి ఒక్కరినే పాస్టరుగా పెట్టుకుంటుంది. ఎవరన్నది రోగులు రాసిచ్చే చీటీలను బట్టి తేలుస్తారు. ఆ పని మౌనికి కావాలి. వాళ్లమ్మ ఇలాగే ఒక ఆస్పత్రి వార్డులో పదకొండు రోజులుండి కన్నుమూసింది. ఆ పదకొండు రోజులూ అతను పరీక్షలు రాస్తూ కూర్చున్నాడు. సెమినరీలో చేరిందే ఆ బాధతో.

దర్జీ రెండు కళ్లకూ కట్లున్నాయి. అయినా వేళ్లు ఊరుకోవు, దుప్పటి అంచు కొలుస్తూనే ఉంటాయి.

“ఏం చెప్పాడండీ ఆ అబ్బాయి, అంత గొప్పగా?” మౌని ఉండబట్టలేక అడిగాడు.

“ఏం చెప్పాడో గుర్తులేదయ్యా. నేను మాత్రం చాలా చెప్పుకున్నాను. మా తమ్ముడితో గొడవ, షాపు మూతపడటం, మా ఆవిడకి కూడా చెప్పనివి. వాడు పక్కనుంటే కళ్లకు కట్లున్న సంగతే మర్చిపోయాను.” దర్జీ చిన్నగా నవ్వాడు. “సరే, నువ్వు మొదలెట్టు. ఇవాళ ఏం చెప్తావు?”

అందులో వెటకారం లేదు. అందుకే ఇంకా గుచ్చుకుంది.

మొదటి వారం మౌని పరువు ఎలాగూ పోయింది. నేర్చుకున్నదంతా మర్చిపోయి, బొమ్మలా గంటసేపు కూర్చుని లేచొచ్చాడు. ఏం మాట్లాడాలా అన్న కంగారులో దర్జీ మాటలు ఒక్కటీ చెవికెక్కలేదు. ఆ సిగ్గుతోనే రెండో వారం నుంచి తయారై వెళ్లడం మొదలుపెట్టాడు. అద్దం ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. మైకు వేసే జోకులు బట్టీ పట్టాడు. మైకులాగే చేతులు తిప్పాడు, కళ్లకు కట్లున్న మనిషి ముందు.

దర్జీ అంతా ఓపిగ్గా విన్నాడు. చివర్న, “బాగా చెప్తావయ్యా,” అన్నాడు. తర్వాత గుమ్మం వైపు చెవి పెట్టాడు.

శుక్రవారం సాయంత్రాలు మైకు ఈల వేసుకుంటూ వచ్చేవాడు. ఒకసారి చొక్కా జేబులో కాగితం పువ్వు కనిపించింది. ఎవరిచ్చారో అడగకూడదన్నది నియమం. అడగబుద్ధి కాకపోవడం మాత్రం అచ్చమైన అసూయ.

“బ్రదర్, నీకూ టీ తెచ్చాను,” అన్నాడు మైకు. మౌని నిద్ర నటించాడు. దేవుడి పని చేయబోయేవాడికి ఇంత కుళ్లు ఉండొచ్చా అని సిగ్గుపడ్డాడు. సిగ్గుపడి, మళ్లీ కుళ్లుకున్నాడు.

ఆఖరి మంగళవారం నర్సు అందరికీ చీటీలు పంచింది. పేర్లు చెప్పే వీలు ఆ ఒక్కరోజే.

“బాబూ, నాది నువ్వే రాసిపెట్టు,” అన్నాడు దర్జీ.

“ఎవరి పేరు రాయమంటారు?”

“పేరు నాకేం తెలుసు? ఆ అబ్బాయిది రాయి. మీరంతా ఒక బడివాళ్లేగా, నీకు తెలిసే ఉంటుంది. నువ్వేం అనుకోకు. నీ మాట బాగుంటుంది. కానీ నాలాంటోడికి వాడే కావాలి.”

మౌని కలం కాగితం మీద ఆగిపోయింది. తన అసలు పేరు మూడే అక్షరాలు. దర్జీకి కనిపించదు, ఇంకెవరూ చూడటం లేదు. ఒక్క చీటీ చాలు, అటో ఇటో తేలిపోవడానికి. అమ్మ గుర్తొచ్చింది. అమ్మ పక్కనయినా మైకులాంటివాడు కూర్చుని ఉంటేనే బాగుండేది కదా అనిపించింది. ఆ ఆలోచన కూడా అతనికి నచ్చలేదు.

మైకు అసలు పేరు రాశాడు. దర్జీ బొటనవేలు పట్టుకుని కింద ముద్ర వేయించాడు. చీటీ మడిచి, గోడకున్న తాళం పెట్టెలో పడేశాడు.

గుమ్మం దగ్గర నర్సు ఎదురైంది. ఇక దాచుకోవడం అతనివల్ల కాలేదు.

“శుక్రవారాలు వచ్చి మావాడు ఈ పెద్దాయనకి ఏం మందు పెట్టాడు సిస్టర్?”

నర్సు అతన్ని వింతగా చూసింది.

“మీవాడు వెళ్లేది కింద పిల్లల వార్డుకండీ, ఈయన మంచం పక్కన ఇన్ని వారాల్లో వచ్చి కూర్చున్నది మీరొక్కరే.”