మంచం కింద బ్యాంకాక్

వీధి తలుపు తాళంలో చెవి తిరిగిన చప్పుడు వినగానే మద్దిలేటి నోట్లోని జొన్నరొట్టె ముక్కను నమలకుండానే మంచం కిందికి దూరాడు. అతని భార్య మాలతి అప్పటికే అక్కడ ఉంది. మూడు రోజుల సాధనతో ఆమెకు వేగం బాగా పెరిగింది.

లెక్క ప్రకారం ఈ దంపతులు ఇప్పుడు బ్యాంకాక్‌లో ఉండాలి. కొత్తకోట చౌరస్తాలో నిలబెట్టిన ఫ్లెక్సీ కూడా అదే చెబుతోంది. పంక్చర్ షాపు మద్దిలేటికి నల్లకళ్లద్దాలు, పక్కన పట్టుచీరలో మాలతి, వెనక విమానం, కింద మెకానిక్ మిత్రబృందం వారి శుభాకాంక్షలు. 'రోజూ ఒక టీ మానండి, బ్యాంకాక్ చూడండి' అన్న ఏజెంటు మాటకు మద్దిలేటి రెండేళ్లు టీ మానేశాడు. తీరా శంషాబాద్ విమానాశ్రయానికి చేరాక ఆ ఏజెంటు రాలేదు, ఫోనూ ఎత్తలేదు. దండలు వేసి సాగనంపిన ఊళ్లోకి ఏ ముఖం పెట్టుకుని తిరిగొస్తారు? తెల్లవారకముందే లారీ దిగి, వెనక గోడ దూకి, సొంతింట్లోనే దొంగల్లా చేరారు. ఇంకో రెండు రోజులు ఎవరి కంటా పడకపోతే, మళ్లీ గోడ దూకి, సూట్‌కేసుతో వీధి వైపు నుంచి దర్జాగా రావచ్చు.

వచ్చింది పక్కింటి సుల్తానాబీ. పెరట్లో కనకాంబరాలకు నీళ్లు పోయమని తాళంచెవి ఇచ్చింది వీళ్లే. రెండు రోజులూ ఆమె ఇలా వచ్చి అలా నీళ్లు పోసి పోయింది. ఇవాళ మాత్రం చంకలో దిండు, చేతిలో ఫ్లాస్కు పెట్టుకుని వచ్చింది.

కూలర్ వేసింది. టీవీ పెట్టింది. వంటింట్లో జాడీ మూత తీసి మామిడికాయ తొక్కు రుచి చూసింది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు కదా, రెండోసారి కూడా చూసింది. తర్వాత వచ్చి తీరిగ్గా మంచమెక్కింది. అసలే సాగిపోయిన నవారు. అది కిందికి దిగీ దిగీ మద్దిలేటి ముక్కు మీద ఆగింది.

"సిగ్గు లేదా ఈమెకు? ఊళ్లె లేనోళ్ల మంచమెక్కి పండుకుంటదా?" కూలర్ హోరు చాటున గొణిగాడు మద్దిలేటి.

"నువ్వు పండుకోలేదా? పోయినేడు వాళ్లు దుబాయ్ పోతే, కోళ్లకు గింజలేసొస్తనని పోయి, వాళ్ల కూలర్ ముంగట రెండు గంటలు గురక పెట్టొచ్చినవ్."

"అది వేరు. వాళ్లు నిజంగ ఊళ్లె లేరు గద!"

అసలు ఈ విదేశాల పిచ్చి మాలతికి ఎక్కించింది ఆ దుబాయే. సుల్తానాబీ, ఆమె భర్త ఖాజా మియా తిరిగొచ్చి వీధంతా ఖర్జూరాలు పంచారు. అక్కడి మేడలను తలెత్తి చూసీ చూసీ మెడలు పట్టేశాయని వారం రోజులు పట్టీలు కట్టుకుని తిరిగారు. ఆ పట్టీలు చూసి మాలతికి కన్నుకుట్టింది. "మనకు గసొంటి మెడనొప్పి ఎప్పుడొస్తదయ్యా?" అని మొగుణ్ని పోరింది.

పైనుంచి సుల్తానాబీ గొంతు వినిపించింది. "వదినెకు జర వీడియో కాల్ చేస్త. బ్యాంకాక్ ఎట్లుందో చూద్దాం."

 మాలతి ఫోన్ మోగలేదు గానీ, బండల మీద గుర్రుమంటూ వణికింది. ఆమె దాన్ని పొట్ట కింద అదిమిపట్టింది.

"ఎలుక గిట్ల సొచ్చిందా ఏంది?"

సుల్తానాబీ మంచం మీదనే ఉండి చీపురు అందుకుని, దాని మొదలుతో కిందికి గట్టిగా పొడిచింది. పోటు సరిగ్గా మద్దిలేటి డొక్కలో దిగింది. తేలు కుట్టిన దొంగ అరుస్తాడా? కళ్లలో నీళ్లు తిరిగినా కిక్కురుమనలేదు. ఇంకో పోటు పడకముందే భార్య ఫోన్ నుంచి సందేశం కొట్టాడు.

సుల్తానాబీ పైకి చదివింది. "'సముద్రంల ఉన్నం. ఫోన్ తడుస్తది.' అయ్యో పాపం! తడిసేది ఫోనొక్కటేనా!"

కాసేపటికి ఆమె ఫోన్ మోగింది. అవతల ఖాజా మియా.

"ఆ, ఈడనే ఉన్న. ఎల్లుండి వస్తరట గద, చౌరస్తల డప్పులు పెట్టిస్తున్నరా? మంచిగైంది. రెండు గంటలు నిండంగనే వస్త."

డప్పులనగానే మద్దిలేటికి ఏడుపు ముంచుకొచ్చింది. ఈమె ఒక్కసారి వంగి చూస్తే చాలు, ఆ డప్పులతోనే ఊరంతా చాటింపు వేస్తారు. కళ్లజోడు పెట్టుకున్న ఆ ఫ్లెక్సీ కిందనే రేపటి నుంచి టైర్లు విప్పుకుంటూ బతకాలి. కదిలితే మంచం కదులుతుంది. కాలు తిమ్మిరెక్కింది, మెడ కొయ్యబారింది. మాలతి చెయ్యి గట్టిగా పట్టుకుని, ఊపిరి కూడా వాయిదాల్లో పీల్చుకుంటూ కుక్కిన పేనులా పడి ఉన్నాడు.

ఎంతసేపటికో నవారు పైకి లేచింది. మద్దిలేటి ముక్కుకు గాలి తగిలింది. టీవీ ఆగింది, కూలర్ ఆగింది. సుల్తానాబీ పెరట్లోకి వెళ్లి కనకాంబరాలకు నీళ్లు పోసి వచ్చింది. దిండు చంకలో పెట్టుకుంది. అడుగులు గుమ్మం దాకా వెళ్లాయి. గండం గడిచిందని మాలతి కళ్లు మూసుకుని జోగులాంబ తల్లికి దండం పెట్టుకుంది.

అడుగులు వెనక్కి వచ్చాయి. ఫ్లాస్కూ, రెండు గ్లాసులూ నేల మీద జరుగుతూ మంచం కిందికి వచ్చాయి.

"ఛాయ్ సల్లారకముందే తాగుండ్రి, వదినె. మద్దిలేటన్నా, నువ్వు జర పక్కకు తిరిగి పండుకో. పోయినేడు నువ్వు మా మంచం మీద రెండు గంటలు గురక పెడుతుంటే, దాని కింద కదలకుండ పండుకున్న మా ఇద్దరి మెడలు పట్టేసినై."