తెల్లమచ్చ నిపుణురాలు

తెల్లవారేసరికి రొయ్యలు గట్టు వారకి చేరి తేలుతున్నాయి.

ఆనంద్ ఒకదాన్ని ఎత్తి తల పెంకు ఒలిచి చూశాడు. లోపల తెల్లమచ్చలు.

"తూము ఎత్తేద్దామా, పోయినేడు లాగా?" భార్య నాగలక్ష్మి గొంతు తగ్గించి అడిగింది.

పోయిన ఏడాదీ ఇదే తెగులు. ఎవరి కంటా పడకుండా చెరువు నీళ్ళు కాలవలోకి వదిలేసి, చేతికొచ్చిన రొయ్యని అమ్ముకుని గట్టెక్కారు. అందరూ చేసేదేగా అని అప్పట్లో సర్దిచెప్పుకున్నాడు.

"ఆగు. ముందు తెలిసినవాళ్ళని అడుగుదాం."

రొయ్య రైతుల యాప్‌లో ఈమధ్య కొత్త ఏర్పాటు వచ్చింది. ఎవరు దేని గురించి ఎక్కువ రాశారో చూసుకుని, వాళ్ళ పేరు పక్కన అదే ఒక బిరుదు తగిలిస్తుంది. తెల్లమచ్చ అని కొట్టగానే మొదటి పేరు వచ్చింది.

ఖాతూన్, బందరు. తెల్లమచ్చ నిపుణురాలు.

ఫోన్ చేశాడు.

"నాగాయలంక నుంచండీ. చెరువులో తెల్లమచ్చ పడింది. పిల్ల వేసి నెలే అయింది. మందేమన్నా ఉందాండీ?"

"మందు లేదు బాబూ. తూము మాత్రం ఎత్తొద్దు. బ్లీచింగ్ కొట్టి నీళ్ళు అక్కడే ఆపండి. చెరువు పైన దారాలు కట్టండి, కొంగలు చచ్చిన రొయ్యని తీసుకెళ్ళి పక్క చెరువులో పడేస్తాయి. దిగువోళ్ళకి ఇప్పుడే చెప్పండి."

"మరి నా పంట?"

"పోయినట్టే బాబూ. వాళ్ళదన్నా మిగుల్తుంది."

"మీరు ఫిషరీస్‌లో చేస్తారా అండీ?"

ఆమె నవ్వింది.

"నేనా! రోల్డుగోల్డు షాపులో గొలుసులు అతుకుతాను. పోయినేడు మీ కాలవ దిగువనే చెరువు లీజుకి చేశాం. ఎగువన తెల్లమచ్చ ఉందా, నీళ్ళు తోడుకోవచ్చా అని రోజూ యాప్‌లో అడిగేదాన్ని. నేను రాసినవన్నీ ప్రశ్నలే. చెరువు పోయాక నేర్చుకున్నాను ఇవన్నీ."

"ఎవరూ... జవాబు చెప్పలేదా?"

"ఒకాయన చెప్పాడు. మా చెరువులు బాగున్నాయి, తోడుకోండమ్మా అని. పేరు పెట్టుకోలేదు, కొంగ బొమ్మ పెట్టుకున్నాడు. పాపం, ఆయనకీ తెలిసుండదు."

నాగలక్ష్మి అప్పటికే తూము దగ్గర నిలబడింది. ఆనంద్ వద్దని చెయ్యి ఊపాడు.

"వింటున్నారా బాబూ?"

"ఆఁ... వింటున్నానండీ."

ఫోన్ చెవి మీంచి దించాడు. తెగులు సంగతి బయటపడితే కొనేవాడు వెనక్కి పోతాడని భయపడి పోయినేడు తాను ఆ జవాబు రాసిన ఖాతా తెర మీద తెరిచే ఉంది, దాని మీద తెల్లటి కొంగ.