రాజన్న టిఫిన్స్ బోర్డు

“‘ర’ పొట్టల ఉన్న ముక్కకు బ్రిడ్జి పెట్టినవా?” స్క్రీన్ మీద నుంచి చూపు తిప్పకుండానే అడిగింది సారలమ్మ.

“పెట్టిన మేడం. లేకపోతే కోయంగనే ఆ గుండ్రం ముక్క ఊడి కింద పడ్తది గద,” అంది ప్రవళిక.

క్యాంపస్ వర్క్‌షాప్‌లో ప్లాస్మా మిషన్ నడిపేది సారలమ్మే. ఇనుప రేకును మంటతో కోసే ఆ మిషన్, కంప్యూటర్‌లో గీత ఎలా ఉంటే అలాగే కోసుకుపోతుంది. తప్పో ఒప్పో దానికి పట్టదు. అందుకే మెకానికల్ చదివే ప్రవళిక వారమంతా కూర్చుని ఫైలు తయారు చేసింది. విడిపోయిన గీతలన్నీ కలిపింది, ఒకదాని మీద ఒకటి పడ్డవి తీసేసింది, ముందు లోపలి అక్షరాలు, చివర్లో అంచు తెగేలా వరుస పెట్టింది. ఉన్నది ఒక్కటే రేకు. అదీ ఎవరి ప్రాజెక్టులోనో మిగిలితే బతిమాలి తెచ్చుకుంది. అది పాడైతే రేపు పొద్దున తార్నాకలో తెరిచే టిఫిన్ సెంటర్‌కు బోర్డు లేనట్టే.

“ఎవరికి బిడ్డా, గింత కష్టపడ్తున్నవ్?”

“మా హాస్టల్ మెస్ల వండే రాజన్న అంకుల్‌కు. మెస్ ఇడిసిపెట్టి సొంతంగ టిఫిన్ సెంటర్ పెడ్తుండు. ఆయనకు తెల్వదు మేడం, మీరు ఎవరికీ చెప్పకుండ్రి.”

సారలమ్మ చేతిలో మౌస్ ఆగింది. “మెస్సోళ్లకు గుడ బోర్డులు చేస్తరా?”

ఆ మాట ప్రవళికకు చురుక్కుమంది.

“ఫస్టియర్ల నాకు టైఫాయిడ్ వచ్చింది మేడం. అమ్మ వచ్చేటట్టు లేకుండె. మెస్ బంద్ అయినంక గుడ అంకుల్ ఆగి, జావ కాచి పైకి పంపుతుండె. నేను తాగిన గిన్నె కిందికి వచ్చేదాక ఇంటికి పోకపోతుండె.”

“ఇంట్లోళ్లు అన్నం ముంగట పెట్టుకొని ఎదురుచూసిన్రో ఏమో. అది అడిగినవా?”

నిజమే, ప్రవళిక ఎప్పుడూ అడగలేదు. అయినా అంత మంచి మనిషి గురించి చెబుతుంటే ఈ పుల్లవిరుపు మాటలేంటి? ఈమెకూ ఆయనకూ ఎక్కడో చెడినట్టుంది. ఇప్పుడు కోయనంటే తన గతేం కాను?

ఆ వర్క్‌షాప్‌లో ఒక పద్ధతి ఉంది. బటన్ నొక్కే ముందు సారలమ్మ స్క్రీన్ మీది అక్షరాలను గట్టిగా చదువుతుంది. ఫైలు తిరగబడినా, అక్షరం ఎగిరిపోయినా అప్పుడే దొరికిపోతుంది. చదవనిది కోయదు, ప్రొఫెసర్‌దైనా సరే.

“టిఫిన్స్. తార్నాక,” అని కింది వరుసలు చదివి ఆగిపోయిందామె.

“పైది మేడం?”

“అది నువ్వు చదువు.”

“చదివేది మీరే గద ఎప్పుడూ!”

“ఇయ్యాల నువ్వు చదువు. లేటయితుంది.”

ప్రవళికకు ఒళ్లు మండింది. ఎంత కోపముంటే మాత్రం పేరు పలకడానికి కూడా నోరు రాదా! కానీ రేకు ఆమె చేతిలో ఉంది. కోపం దిగమింగుకుని, “రాజన్న,” అని గట్టిగా చదివింది. సారలమ్మ పెదవులు బిగించి, నల్లద్దాలు పెట్టుకుని బటన్ నొక్కింది.

ఒక్క అక్షరం చెడలేదు. ‘ర’ పొట్టలో ముక్క కదలలేదు. ప్రవళికకు ప్రాణం లేచివచ్చింది. బోర్డు అందుకోబోతే సారలమ్మ ఇవ్వలేదు. గ్రైండర్ పట్టి అంచులన్నీ నున్నగా తీసింది, అరచేత్తో తడిమి చూసుకుంది, గోనెసంచిలో చుట్టి మరీ ఇచ్చింది. మనసులో ఏమున్నా పనిలో లోటు చేయలేదని ప్రవళిక లోలోపలే దండం పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే తార్నాక సందులో రాజన్న ఆ సంచి విప్పాడు. పొయ్యి ఇంకా వెలిగించలేదు. తన పేరు చూసుకుని, ఒకసారి పైకి చదువుకున్నాడు.

“గిన్నెడు జావకు గింత చేస్తరా బిడ్డా?”

“ఆ జావతోనే గదా అంకుల్, నేను ఇయ్యాల గీడ నిలబడ్డ.”

రాజన్న కండువాతో కళ్లు ఒత్తుకుని అంచుల మీద వేళ్లు నడిపాడు. “ఎవరు కోసిన్రు? గింత నున్నగ ఉన్నది!”

“మా వర్క్‌షాప్ సారలమ్మ మేడం. గని ఆమెకు మీ మీద ఏదో కోపం ఉన్నది అంకుల్. అంతా చదివింది, మీ పేరు మాత్రం నోట పలకలే.”

రాజన్న ఫక్కున నవ్వాడు. నవ్వుతూనే మళ్లీ కళ్లు తుడుచుకున్నాడు.

“మా పెండ్లయినప్పటి సంది పలకలే, బిడ్డా.”